ఆఫీసుకు బాగున్నాను, కోర్టుకు బాగాలేను

ఇప్పటికీ ఏ లారీ అయినా వెనక్కి వస్తూ ఆ పాట వేసిందంటే నా కుడి చెయ్యి దానంతటదే కడుపులోకి ముడుచుకుంటుంది. మణికొండలో కాపురముంటూ ఆ పాట వినకుండా బతకడం కుదరదు. ఎండలు ముదిరితే ప్రతి అపార్ట్‌మెంటు ముందూ నీళ్ల ట్యాంకరే. మా అపార్ట్‌మెంటుకూ రోజూ వస్తుంది. అది వచ్చి వెళ్లేదాకా నేను బాత్రూములో కుళాయి విప్పుకుని కూర్చుంటాను, ఆ చప్పుడు చెవిన పడకుండా. నీళ్లు తెచ్చే బండికి భయపడి నీళ్లు పారబోసే మనిషి ఈ ఊళ్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇది నేను చేత్తో రాయడం లేదు. నోటితో చెబుతుంటే ఫోను రాసుకుంటోంది. తప్పులు ఎడమ చేతి చూపుడువేలితో నేనే దిద్దుకుంటున్నాను. మా ఆయన తను దిద్దిపెడతానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చదివితే మీకే తెలుస్తుంది.

కంప్యూటరు ముందు కూర్చుని బతికే మాలాంటి వాళ్లకు దెబ్బ తగిలితే అన్నిటికంటే ముందు చేసే తప్పు ఒకటుంది. నేనూ అదే చేశాను. ఎవరైనా చదివి మానుకుంటే మంచిదే. మానుకోలేకపోతే, అంత భయపడింది తామొక్కరే కాదని తెలుసుకున్నా చాలు.

ఏప్రిల్

స్కూటీ మీద ఆఫీసుకు బయలుదేరాను. మా వీధి మలుపులో ట్యాంకరు వెనక్కి వస్తోంది. పాట వినపడింది. డ్రైవరు చూసుకుంటాడులే అని నేననుకున్నాను. నేను చూసుకుంటానులే అని ఆయన అనుకున్నట్టున్నాడు. గోడకూ ట్యాంకరుకూ మధ్య నా కుడి చెయ్యి మోచేతి దగ్గర నలిగింది. ఆ క్షణాన నొప్పి తెలియలేదు. ఎదురుగా గోడ మీద ఇల్లు కిరాయికి కలదు అన్న బోర్డు ఉంటే దాన్ని చదివాను. అది మాత్రం బాగా గుర్తుంది.

ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరిస్తే కేశవ కనిపించాడు. కేశవ మా ఆయన. నాది ప్రొద్దుటూరు, ఆయనది జమ్మలమడుగు. మదీనాగూడలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు.

"చెయ్యి ఉండాదా?" అని అడిగాను.

"ఉండాది. నీ పక్కనే పండుకోనుంది, సూడు," అన్నాడు. నవ్వించాలని అన్నాడు.

డాక్టరు వచ్చి ఎముకలు అతుక్కుంటాయన్నాడు. నరం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు. నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు, పూర్తిగా రాకపోనూ వచ్చు. వేళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి, కదలమంటే కదలవు. మోచేతి నుంచి వేలి కొసల దాకా మాత్రం నిప్పు పెట్టినట్టు మంట. ఏమీ తెలియని చేతికి మంట ఒక్కటి ఎట్లా తెలుస్తుందో ఏ డాక్టరూ నాకర్థమయ్యేట్టు చెప్పలేదు.

నేను ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాసే జట్టుకు లీడ్‌ని. ఏడాది తిరిగేలోగా ఆర్కిటెక్ట్‌ని కావాలి. అది నాకూ తెలుసు, మా మేనేజరు శ్రీనివాస్ గారికీ తెలుసు. ఆర్కిటెక్ట్ అంటే పదిమంది ముందు తెల్లబోర్డు దగ్గర నిలబడి, కట్టబోయేది మొత్తం గీసి చూపించాలి. నాకు ఆ గీయడమంటే ప్రాణం. మార్కరు చేతిలో ఉంటే ఎవరెన్ని ప్రశ్నలు వేసినా తడుముకోను.

మూడో రోజో నాలుగో రోజో శ్రీనివాస్ గారు ఫోన్ చేశారు. కేశవ నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

"ఎలా ఉన్నారండీ ప్రసన్న గారూ? ఏమీ తొందరపడకండి. ఆరోగ్యం చూసుకోండి ముందు."

"చిన్న ఫ్రాక్చరేనండీ. రెండు వారాల్లో లాగిన్ అయిపోతాను," అన్నాను.

కేశవ ఫోన్ దించి నా ముఖంలోకి చూశాడు. "చిన్నదా?" అన్నాడు.

నేను గోడవైపు తిరిగాను. ఆయనకేం తెలుసు? అంతకు ముందు నెలలోనే, ప్రసవమై సెలవు ముగించుకుని వచ్చిన మా పక్క సీటు అమ్మాయిని శుక్రవారం మధ్యాహ్నం ఒక గదిలోకి పిలిచారు. బయటికి వచ్చేసరికి ఆమె మెడలో బ్యాడ్జీ లేదు. ల్యాప్‌టాప్ లోపలే ఉండిపోయింది. టేబుల్ మీద మిగిలిన మొక్కకు ఎవరు నీళ్లు పోయాలో కూడా ఎవరికీ తెలియలేదు. నేను మంచం మీద పడుకుని ఆ మొక్క గురించే ఆలోచించాను. చెయ్యి పోతుందన్న భయం కంటే, చెయ్యి పోయిందని ఆఫీసులో తెలుస్తుందన్న భయమే ఎక్కువగా ఉండేది.

జూన్

రెండు వారాలన్నది ఆరు వారాలయ్యాక లాగిన్ అయ్యాను. అప్పట్లో ఆఫీసుకు వెళ్లాలో వద్దో మా ఇష్టం. ఇంటి నుంచే పని పెట్టుకుని కెమెరా ఆపేస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగితే చాలు, నేను పనిలో ఉన్నట్టే. ఎడమ చేత్తో మౌసు కదుపుతూ ఆ చుక్క ఆరిపోకుండా కాపలా కాశాను.

మాట్లాడటం వరకు నాకెప్పుడూ లోటు లేదు. పగలంతా మీటింగుల్లో గలగలా మాట్లాడేదాన్ని. అడిగినవాళ్లందరికీ "సాయంత్రానికి పెట్టేస్తాను" అనేదాన్ని. ఎడమ చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడితే సాయంత్రానికి సగం పేజీ కూడా తెమిలేది కాదు. మందుల మత్తు, మెడ నొప్పి, వీటన్నిటి మీద ఏడుపు.

కాలేజీ నుంచి వచ్చిన కేశవ ఒకరోజు చూసి చూసి, బ్యాగు కింద పెట్టి, కుర్చీ లాక్కున్నాడు.

"జరుగు. నువ్వు చెప్పు, నేను కొడతా," అన్నాడు.

"నీకేం వస్తుందబ్బా?"

"రాకపోతే ఏమి? నువ్వు చెప్పింది కొట్టేదానికి వచ్చేదేముండాది."

అట్లా మొదలైంది. నేను పక్కన కూర్చుని చెబుతుంటే ఆయన కొట్టేవాడు. "ఫ్లవర్ బ్రాకెట్ మూసేయి" అంటే, "ఏ ఫ్లవర్ బ్రాకెట్? మూడుండాయి" అనేవాడు. మొదట్లో బాగా నవ్వుకున్నాం కూడా. ఆయన చేతులు పెద్దవి. నా కీబోర్డు మీద అవి నడుస్తుంటే చూసి, పోనీలే, ఎట్లాగో గట్టెక్కుతున్నాం అనుకున్నాను. కంపెనీ ల్యాప్‌టాప్ బయటి మనిషి ముట్టుకుంటే ఉద్యోగం పోతుందని ప్రతి ఏడూ మాకు క్లాసు పీకి, పరీక్ష పెట్టి మరీ చెబుతారు. ఆ పరీక్షలో నాకెప్పుడూ పూర్తి మార్కులే.

పొద్దున్నే వాచ్‌మన్ భార్య యాదమ్మ వచ్చేది. ఇల్లు ఊడ్చి వెళ్లే మనిషి. ఒకరోజు నా చిక్కుపడ్డ జుట్టు చూసి చీపురు మూలకు పెట్టింది.

"గిట్ల కూసో అమ్మా. జడేస్త."

"వద్దులే యాదమ్మా, క్లిప్పు పెట్టుకుంటా."

"ఒక్క చేత్తోని ఏం క్లిప్పు పెడ్తవ్. కూసో."

ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా మానలేదు. ఏమీ అడిగేది కాదు. రబ్బరు బ్యాండు నా కుడి చేతి వేలికి తగిలించి, జడ చివరికి వచ్చాక దాన్ని తీసుకునేది. "నీ చెయ్యి గూడ జర పని చెయ్యాలె గద," అనేది. నా చేతిని ఇంకా చేయిగా చూసింది ఆమె ఒక్కతే.

అక్టోబరు

ట్యాంకరుకు ఇన్సూరెన్సు ఉంది కాబట్టి నష్టపరిహారం కోసం కేసు వేయమని కేశవ పోరు పెట్టాడు. సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన సబిత గారనే వకీలు దగ్గరికి వెళ్లాం. శేరిలింగంపల్లిలో మెట్ల కింద చిన్న ఆఫీసు ఆమెది. మనిషి మాత్రం గట్టిది.

"చూడమ్మా," అంది, "దవాఖాన ఖర్చు ఒక్కటే కాదు అడిగేది. నీ చెయ్యి పోయినందుకు నీ పనికి ఏమైంది, ముందుకు పోయేదానివి ఎక్కడ ఆగిపోయినవ్, అది చూస్తది కోర్టు. ఇప్పుడు పని చేస్తున్నవా?"

"చేస్తున్నానండీ," అన్నాను.

"ఎట్ల చేస్తున్నవ్?"

"ఎడమ చేత్తో. నెమ్మదిగా."

కేశవ నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూడలేదు. ఆఫీసు దగ్గర దాచిన సంగతి వకీలుకు చెబితే, వకీలు కాగితంలో రాస్తుంది, కాగితం ఆఫీసుకు చేరుతుంది అని నా భయం. వైద్యుడికీ వకీలుకూ అబద్ధం చెప్పకూడదని మా నాయన అంటుండేవాడు. ఆ మాట నాకప్పుడు గుర్తు రాకపోలేదు.

తర్వాత వైకల్యం ఎంతో తేల్చే డాక్టర్ల బోర్డుకు పంపించారు. ఆ వరండాలో కూర్చున్న పూట మరిచిపోలేను. బెంచీల నిండా కట్లు కట్టిన కాళ్లు, చంక కర్రలు. నేను ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, బొట్టు పెట్టుకుని, యాదమ్మ వేసిన జడతో వెళ్లాను. పక్కనున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏంది బిడ్డా, పెండ్లికి వచ్చినట్టొచ్చినవ్. జర నీరసంగ కూసో. లేకుంటే గీళ్లు నమ్మరు," అన్నాడు. మంచికే చెప్పాడు పాపం. నేను నిజంగానే చున్నీ లాగి చెదరగొట్టుకున్నాను. చెయ్యి ఇంకాస్త వేలాడేసి కూర్చున్నాను. నిజంగా పడిపోయిన చేతికి పడిపోయినట్టు నటించడం నేర్పాను.

సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోను. బ్యాంకు వాళ్లు లైన్లో ఉన్నారు. వరండా చివరికి పరిగెత్తి, గొంతు సవరించుకుని, "యెస్, గుడ్ ఆఫ్టర్‌నూన్ ఆల్!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మాట్లాడి వెనక్కి తిరిగితే ఆ పెద్దాయన నన్నే చూస్తున్నాడు. ఆ రోజు నుంచి నిద్రలో కూడా రెండు గొంతులు తిరిగేవి. ఒకటి బాగున్నానంటుంది, ఇంకొకటి బాగాలేనంటుంది. ఏది ఎవరి ముందు జారిపోతుందోనని దడ.

జనవరి

వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని కబురొచ్చింది. ఆ మెయిలు చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. నన్ను ఆఫీసుకు తీసుకుపోగలను. కేశవ చేతులను ఎట్లా తీసుకుపోయేది?

మణికట్టుకు పట్టీ చుట్టుకుని, మౌసు ఎక్కువ వాడి నొప్పి వచ్చిందని చెప్పుకుని తిరిగాను. మా ఆఫీసుల్లో ఆ నొప్పి అందరికీ ఉంటుంది కాబట్టి ఎవరూ లోతుకు పోలేదు. పగలు మాటలతో నెట్టుకొచ్చి, ఇంటికి రాగానే కేశవను కూర్చోబెట్టేదాన్ని. ఆయన చెప్పులు విప్పకముందే ల్యాప్‌టాప్ తెరిచి పెట్టేదాన్ని.

ఒకరోజు ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"సాయంత్రం బ్యాచ్ నాకిస్తామన్నారు కాలేజీలో. హెడ్‌ని చేస్తామన్నారు. వద్దని చెప్పొచ్చినా," అన్నాడు.

"ఎప్పుడు?"

"దసరా అప్పుడే. నీకు చెప్పలేదు."

నేను "ఈ రోజు ఇది పంపాల, రేపు ఉదయం బ్యాంకు వాళ్లకు చూపించాల," అన్నాను. అంత బుద్ధిలేని మాట నా జీవితంలో ఇంకోటి అనలేదు.

"ప్రసన్నా, నేను నీ మొగుణ్ణా, కీబోర్డునా?"

అరవలేదు. మెల్లగా అడిగాడు. తర్వాత కూర్చుని ఆ రోజుది కొట్టిపెట్టాడు. నేను చెబుతూనే ఉన్నాను, కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఫ్లవర్ బ్రాకెట్ల దగ్గర ఇద్దరం నవ్వలేదు.

ఆ నెలలోనే ఆర్కిటెక్ట్ పోస్టు కోసం ప్యానెల్ ముందు నిలబడ్డాను. బోర్డు మీద గీయమన్నారు. ఎడమ చేత్తో మార్కరు తీసుకున్నాను. పెట్టె గీయబోతే వంకర పోయింది. గీత కలపబోతే మార్కరు జారి కింద పడింది. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు బయటపడుతుంది అనుకుంటుండగా శ్రీనివాస్ గారు లేచి మార్కరు తీసుకున్నారు.

"మీరు చెప్పండి ప్రసన్న గారూ, నేను గీస్తాను. ఈవిడ వేగానికి బోర్డు సరిపోదండి," అని ప్యానెల్ వైపు చూసి నవ్వారు.

నేను చెబుతుంటే ఆయన గీశారు. బాగానే జరిగింది, ఫలితం ఏప్రిల్‌లో చెబుతామన్నారు. నేను మాత్రం ఇంకో మనిషి చేతులు కూడా వాడుకున్నానని లెక్క వేసుకుని బయటికొచ్చాను.

మార్చి

కోర్టు ఎల్బీనగర్‌లో. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఆ కొస నుంచి ఈ కొస దాకా కూర్చోవచ్చు. ఆ రోజు నన్ను ఇన్సూరెన్సు కంపెనీ వకీలు ప్రశ్నలు వేసే రోజు. నా జీతం రుజువు చేయడానికి మా కంపెనీ హెచ్ఆర్ నుంచి ఒకమ్మాయి కూడా వస్తోంది. ఆమె ఆ గదిలోనే కూర్చుంటుంది.

అమీర్‌పేట దాటాక కేశవ, "వాళ్లు అడిగితే చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పల్ల?"

"ఎవరు కొడుతున్నారో."

"చెబితే ఉద్యోగం పోతుంది."

"చెప్పకపోతే?"

చెప్పకపోతే నా చెయ్యి బాగానే ఉందని కోర్టు అనుకుంటుంది. పోయిన చేతికి ఏమీ దక్కదు. ఈ దొంగాట ఎన్నాళ్లు సాగుతుందో తెలియదు. ఏ దారి చూసినా నుయ్యో గొయ్యో. ఎదుటి సీటులో ఒకమ్మాయి రెండు బొటనవేళ్లతో ఫోనులో చకచకా కొట్టుకుంటోంది. కిటికీ వైపు తిరిగాను.

బోనులో నిలబడి ప్రమాణం చేశాక ఇన్సూరెన్సు వకీలు లేచాడు. పెద్ద గొంతేమీ కాదు. నవ్వుతూనే అడిగాడు.

"ప్రమాదం తర్వాత కూడా అదే ఉద్యోగంలో ఉన్నారు కదమ్మా?"

"అవునండి."

"అదే జీతం?"

"అవునండి."

"మీ కంపెనీ లెక్క ప్రకారం రోజూ లాగిన్ అయ్యారు. ఇచ్చిన పని ఇచ్చినట్టు పూర్తి చేశారు. ఒక్క కంప్లైంటు లేదు. అవునా?"

"అవునండి."

"మరి చెయ్యి పని చేయదంటున్నారు. ఆ పనంతా దయ్యాలు చేశాయా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సబిత గారు లేవబోయి ఆగింది. చివరి బెంచీలో హెచ్ఆర్ అమ్మాయి ఫైలు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. ట్యాంకరుకూ గోడకూ మధ్య ఇరుక్కున్నప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. అప్పుడు భయపడటానికి టైము లేదు. ఇక్కడ బోలెడంత ఉంది.

జడ్జి గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "చెప్పండమ్మా. ఎవరు చేస్తున్నారు ఆ పని?"

"ఆలోచన నాదేనండి. టైపు చేసేది మా ఆయన," అన్నాను.

ఇన్సూరెన్సు వకీలు మొదట తేరుకున్నాడు.

"అంటే మీ కంపెనీని మోసం చేస్తున్నారు."

"అవునండి."

"అక్కడ మోసం చేసినవాళ్లు ఇక్కడ నిజం చెబుతున్నారని ఎట్లా నమ్మాలి?"

"ఉద్యోగం పోతుందని భయమేసి అక్కడ చెప్పలేదండి. ఇక్కడ చెబితే ఆ ఉద్యోగం పోతుంది. మా కంపెనీ వాళ్లు వెనకాలే ఉన్నారు."

జడ్జి గారు ఒకసారి వెనక బెంచీ వైపు చూశారు. తర్వాత నా మాటలు ఒక్కొక్కటీ చెబుతుంటే పక్కన టైపిస్టు కొట్టుకుంటూ పోయింది. ఆమె పది వేళ్లనూ చూస్తూ నిలబడ్డాను. నా ఉద్యోగం పోయే మాటలు ఆ వేళ్ల కింద ఎంత తేలిగ్గా వచ్చేస్తున్నాయో అనిపించి ఏడుపొచ్చింది.

వరండాలోకి రాగానే సబిత గారు నా భుజం పట్టుకుని గోడ పక్కకు లాగింది.

"నాకు ముందే చెప్తే నేనే అడిగి చెప్పిస్తుంటిని గదమ్మా. వకీలు దగ్గర దాస్తే ఎట్ల? నా పానం పోయినంత పనైంది ఆడ."

"భయమేసిందండీ."

"ఇగ ఆ మాట ఇంకోసారి అనకు. ఛాయ్ తాగు, పో," అంది. తనే ఛాయ్ తెప్పించింది కూడా.

ఆ సాయంత్రమే శ్రీనివాస్ గారు ఫోన్ చేశారు.

"మీ కోడంతా సాయంత్రం ఆరు దాటాకే వచ్చేదండీ. పగలంతా మాటలే. నాకు తెలియదనుకున్నారా?" అన్నారు.

"మరి అడగలేదేమండీ?"

"అడిగితే మీరు చెబుతారు. చెబితే నేను పైకి చెప్పాలి. నాకూ భయమేనండీ ప్రసన్న గారూ."

వారం తిరగకముందే ల్యాప్‌టాప్ అప్పగించాను. మీరే రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుందన్నారు. ఇచ్చాను. నా టేబుల్ మీద మొక్క లేదు కాబట్టి ఆ బెంగ ఒక్కటి తప్పింది. శ్రీనివాస్ గారే వేరే కంపెనీలో ఎవరికో చెప్పి, వాళ్లూ వీళ్లూ రాసిన డిజైన్లు విని తప్పులు చెప్పే పని ఇప్పించారు. అంతా నోటితో చేసే పని. ఆర్కిటెక్ట్ అన్న మాట ఆ పనిలో ఎక్కడా లేదు. కేశవ సాయంత్రం బ్యాచ్ అడిగి తీసుకున్నాడు.

ఆగస్టు

తీర్పు వచ్చింది. గెలిచామంది సబిత గారు. కాగితం ఇంటికి తెచ్చి కేశవ చదివి వినిపించాడు. నేను ఇక పాత పని పాత విధంగా చేయలేననీ, వృత్తిలో పైకి ఎదిగే అవకాశం పోయిందనీ, అందుకు పరిహారం చెల్లించాలనీ అందులో ఉంది. నేను కోరుకున్నది సరిగ్గా అదే. అది రుజువు కావాలనే కదా ఇంత తిరిగింది. తీరా ఒక జడ్జి సంతకం చేసి నువ్వు ఇక ఎదగలేవు అని రాసిచ్చాక నాకు అన్నం సయించలేదు. కేశవ స్వీటు తెచ్చాడు. డబ్బా తెరవకుండానే ఫ్రిజ్‌లో పెట్టాను.

ఇన్సూరెన్సు వాళ్లు హైకోర్టుకు వెళ్తున్నారని సెప్టెంబరులో తెలిసింది. పరిహారం ఎక్కువైందట. మళ్లీ దడ మొదలైంది. మెట్లు దిగుతున్నా, కూరగాయలు కొంటున్నా, ఎవరో ఫొటో తీస్తున్నారేమో, చెయ్యి బాగుందని కోర్టుకు చూపిస్తారేమో అని కుడి చెయ్యి చున్నీ కింద దాచుకుని నడిచాను. చేతికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీకి వెళ్లడం కూడా తగ్గించాను. అడిగితే మంట పెరిగిందని చెప్పాను.

నవంబరు

పొద్దున్నే యాదమ్మ జడ వేస్తోంది. రబ్బరు బ్యాండు ఎప్పటిలాగే నా చూపుడువేలికి తగిలించింది. జడ చివరికి వచ్చి బ్యాండు తీసుకోబోయి ఆగింది.

"అమ్మా, నీ ఏలు వంగింది."

"లేదు. నువ్వు లాగినావు."

"నేను గుంజలే. బ్యాండు ముట్టనే లేదు. మల్ల వంచు."

"యాదమ్మా, నాకు మీటింగుంది," అని లేచిపోయాను. జడ సగంలో ఊడిపోయింది.

గదిలోకి వెళ్లి తలుపేసుకుని చేతిని చూశాను. వంచితే వేలు కొద్దిగా వంగింది. గోరంత. మళ్లీ వంచాను, మళ్లీ వంగింది. ఏడాదిన్నరగా దేవుళ్లందరినీ అడిగింది అదే. అది నా కళ్ల ముందు జరుగుతుంటే నాకు మొదట కలిగింది సంతోషం కాదు. కోర్టుకు తెలిస్తే?

కేశవ కంటే ముందు సబిత గారికి ఫోన్ చేశాను.

"వేలు కదిలిందండీ," అన్నాను, తప్పు చేసినట్టు.

"మంచిదే గద. అయితే ఏంది?"

"హైకోర్టులో చెప్పాలా? కేసు పోతుందా?"

"చూడమ్మా, కేసు నడిచేది ఆ రోజు నువ్వు చెప్పిన సాక్ష్యం మీద, డాక్టర్లు ఇచ్చిన దాని మీద. నీ ఏలు జరంత వంగితే పోయేదేం లేదు. ఎవరన్న అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు. చెయ్యి బాగుచేసుకోవద్దని ఏ కోర్టన్న అంటదా?" అంది. తర్వాత, "మీ ఆయనకు చెప్పినవా?" అని అడిగింది.

"లేదండీ."

"మరి నాకెందుకు చేసినవ్ ముందు?"

ఫోన్ పెట్టేసి వెళ్లి యాదమ్మ ముందు కూర్చున్నాను. ఆమె జడ మళ్లీ మొదటి నుంచి అల్లింది.

కేశవ క్లాసు ముగించుకుని వచ్చాక చేతిని టేబుల్ మీద పెట్టి, "చూడు," అన్నాను. వేలు వంచాను. ఆయన కుర్చీ జరుపుకుని ముందుకు వంగాడు.

"మళ్లా," అన్నాడు.

వంచాను.

"మళ్లా."

"ఇది టెస్టా? నొప్పి లేస్తుందబ్బా."

ఆయన లోపలికి వెళ్లి ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ తెచ్చాడు. నా చెయ్యి ఎత్తి కీబోర్డు మీద పెట్టాడు. ఆయన చేతులు మాత్రం రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"కొట్టు. నేను ముట్టుకోను," అన్నాడు.

చూపుడువేలు ఒక మీట మీద ఆనించి నొక్కాను. జె అక్షరం పడింది. వేలు దించడం వచ్చింది గానీ ఎత్తడం రాలేదు. ఒకటి పడి, ఆ వెంట ఇంకొకటి, ఇంకొకటి, వరస నిండిపోయి కిందికి దిగింది.

"ఎత్తు," అన్నాడు.

"రావడం లేదు."

"సరే, ఉండనీ," అన్నాడు.

స్క్రీను సగం నిండేదాకా ఇద్దరం చూస్తూ ఉన్నాం. తర్వాత ఎడమ చేత్తో నా వేలిని నేనే పైకి తీసుకున్నాను.